కన్ను ఎర్రబడితే నడుము గురించి అడగండి



ఈ ఊళ్లో ఉత్తినే 'డాక్టరుగారు' అంటే ఎవరో వేరే చెప్పనక్కర్లేదు. ఆయనకు పొగడ్త గిట్టేది కాదు. సభలో దండ వేస్తే మెడలోంచి తీసి పక్కనున్న కుర్రాడి చేతిలో పెట్టేసేవారు. కాబట్టి ఆయన గుణగణాల జోలికి పోను. ఒకరోజు సాయంత్రం ఆయన వేసిన ఒక్క ప్రశ్న నన్ను ఎలా తలదించుకునేలా చేసిందో చెప్పి, ఆ ప్రశ్న వెంట ఎంత దూరం పోగలిగితే అంత దూరం పోతాను.

నేను కంటి వైద్యంలో పీజీ చేసి అప్పటికి ఏడాది కూడా కాలేదు. వారానికి రెండు సాయంత్రాలు డాక్టరుగారి క్లినిక్ పక్కగదిలో కన్ను పరీక్షించే స్లిట్ లాంప్ పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆ రోజు పత్తి మిల్లులో పనిచేసే కుర్రాడొకడు వచ్చాడు. ఇరవై ఆరేళ్లుంటాయి. కుడికన్ను ఎర్రగా ఉంది, నీళ్లు కారుతున్నాయి, ట్యూబ్‌లైటు వైపు చూడలేకపోతున్నాడు. రెండేళ్లలో ఇది మూడోసారి అన్నాడు. మొదట కుడికన్ను, తరవాత ఎడమకన్ను, మళ్లీ కుడికన్ను. పత్తి ధూళి పడిందని అతని నమ్మకం. జేబులో మెడికల్ షాపువాడు ఇచ్చిన చుక్కల సీసా ఉంది. చూస్తే స్టెరాయిడ్. వేసుకుంటే తగ్గుతుంది, మానేస్తే కొన్నాళ్లకు మళ్లీ వస్తుంది.

నేను చూడాల్సినవన్నీ చూశాను. రాయాల్సిన చుక్కలు రాశాను. ఐరైటిస్ అని చీటీ మీద పెట్టాను. కుర్రాడు కుర్చీలోంచి లేచాడు. లేవడమంటే మామూలుగా లేవలేదు, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఒళ్లంతా ఒకే చెక్కలా ఎత్తుకున్నాడు. సరిగ్గా అప్పుడే డాక్టరుగారు టీ గ్లాసుతో తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.

"నడుము ఎలా ఉంది బాబూ?"

"నడుమా? అది ఎప్పుడూ ఉండేదే సార్. బేళ్లు దొర్లిస్తాం కదా."

"పొద్దున ఎక్కువా, సాయంత్రం ఎక్కువా?"

"తెల్లారగట్టే సార్. మూడింటికల్లా మెలకువ వచ్చేస్తది. లేచి దొడ్లో కాసేపు తిరిగితేగానీ వదలదు."

"మరి పనిలో దిగాక?"

"పనిలో దిగితే హాయిగానే ఉంటది."

డాక్టరుగారు నా వైపు చూశారు. బరువులు మోసిన నొప్పి పడుకుంటే తగ్గాలి, పని చేస్తే పెరగాలి. ఇక్కడ తిరగబడింది. ఆయన తన బల్ల సొరుగులోంచి దర్జీ టేపు తెచ్చారు. కుర్రాణ్ణి చొక్కా ఎత్తమని, నడుము కింది రెండు గుంటల మధ్య బాల్ పెన్నుతో ఒక గీత, దానికి సరిగ్గా 10 సెంటీమీటర్లు పైన ఇంకో గీత గీశారు. "మోకాళ్లు వంచకుండా ముందుకు వంగు" అన్నారు. మామూలు నడుమైతే ఆ రెండు గీతల దూరం 15 దాకా సాగుతుంది. ఆ కుర్రాడిది 12 దగ్గర ఆగిపోయింది. దీన్ని షోబర్ పరీక్ష అంటారు. నేను ఎంబీబీఎస్‌లో చదివిందే, పరీక్షలో రాసిందే. కాకపోతే ఎముకల పుస్తకంలో చదివాను. కళ్ల గదిలో గుర్తు రాలేదు.

ఎక్స్‌రేలో తుంటి దగ్గరి సాక్రోఇలియాక్ కీళ్లు అరిగి అంచులు చెదిరి కనిపించాయి. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోతూ మెల్లగా వెదురుబొంగులా బిగిసిపోయే జబ్బు. కన్ను దాని గురించి రెండేళ్లుగా చెబుతూనే ఉంది. విన్నవాళ్లు లేరు. మూడోసారి చెప్పినప్పుడు వినాల్సింది నేను.

కంటిగుడ్డులో బయటి తెల్లపొరకూ లోపలి రెటీనాకూ మధ్య నల్లటి పొర ఒకటుంటుంది. తెల్లపొర ఒలిచేస్తే అచ్చం నల్లద్రాక్ష పండులా కనిపిస్తుంది. లాటిన్‌లో ద్రాక్షపండును ఊవా అంటారు, అందుకే ఆ పొర పేరు యూవియా. ముందు భాగం ఐరిస్, మధ్యలో సీలియరీ బాడీ, వెనకంతా కోరాయిడ్. కంట్లో నెత్తురు ఎక్కువగా పారేది ఈ పొరలోనే. ఒంట్లో ఎక్కడ గొడవ జరిగినా దాని మనుషులు ముందు వచ్చి దిగే రేవు లాంటిది. ఈ పొర వాస్తే యువియైటిస్. ముందు భాగం మాత్రమే వాస్తే ఐరైటిస్.

స్లిట్ లాంపులో అది ఎలా కనిపిస్తుందో చెబుతాను. పెంకుటింట్లో పగిలిన పెంకు సందులోంచి ఎండపొడ పడినప్పుడు అందులో ధూళి కణాలు తేలుతూ కనిపిస్తాయి కదా, ఆరోగ్యమైన కంట్లో ఆ ఎండపొడ ఖాళీగా ఉంటుంది. వాచిన కంట్లో తెల్లరక్తకణాలు ధూళిలా తేలుతుంటాయి. వాటిని లెక్కపెట్టి జబ్బు తీవ్రతకు అంకె వేస్తాం. ఆలస్యం చేస్తే ఐరిస్ వెనకున్న లెన్సుకు అతుక్కుంటుంది. అప్పుడు పాప పెద్దదయ్యే చుక్కలు వేస్తే గుండ్రంగా తెరుచుకోదు, అతుక్కున్న చోట అతుక్కుని, వదిలిన చోట వదిలి, రేకులు లెక్కపెట్టుకోదగ్గ పువ్వులా తయారవుతుంది. చూడ్డానికి అందంగానే ఉంటుంది. ఆ అందం చూసి సంతోషించిన కంటి డాక్టరు మాత్రం లేడు.

కండ్లకలకకూ దీనికీ తేడా ఇంట్లో కూడా గమనించవచ్చు. కలకలో పుసులు కడతాయి, పొద్దున రెప్పలు అంటుకుపోతాయి, తరచు రెండు కళ్లకూ వస్తుంది, చూపు పెద్దగా తగ్గదు. ఐరైటిస్‌లో పుసి ఉండదు. నొప్పి ఉంటుంది, వెలుతురు గుచ్చుతుంది, చూపు మసకబారుతుంది, ఎరుపు నల్లగుడ్డు చుట్టూ కంకణంలా ఉంటుంది. నందివర్ధనం పూలు పెట్టుకున్నా, చనుబాలు పిండినా రెండోది పోదు.

ఇక నడుముకూ కంటికీ లంకె ఎక్కడుంది? 1973లో లండన్‌లో డెరిక్ బ్రూవర్టన్ బృందం, అమెరికాలో మరో బృందం, విడివిడిగా ఒకే సంగతి కనిపెట్టాయి. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ ఉన్నవాళ్లలో అత్యధికుల కణాల మీద హెచ్ఎల్ఏ-బీ27 అనే గుర్తు ఉంది. అదే ఏడాది బ్రూవర్టన్ ఇంకో అడుగు వేసి, హఠాత్తుగా వచ్చే ఐరైటిస్ రోగుల్లోనూ ఆ గుర్తు ఎక్కువేనని చూపాడు. ఈ గుర్తు తల్లిదండ్రుల నుంచి వస్తుంది. బయటినుంచి వచ్చిన సూక్ష్మజీవి ముక్కల్ని రక్షణ కణాలకు పట్టి చూపించే చెయ్యి లాంటిది. ఆ చెయ్యి ఆకారంలోనే ఏదో తిరకాసు ఉంది. అయితే ఒక్క మాట గట్టిగా చెప్పాలి. బీ27 ఉన్నవాళ్లలో ఎక్కువమందికి జీవితాంతం దానివల్ల ఏ జబ్బూ రాదు. రక్తపరీక్షలో పాజిటివ్ అని వచ్చిందని సంబంధం తప్పిపోయిన ఆడపిల్లను ఒకామెను నాకు తెలుసు. ఆమెకు కన్నూ బాగుంది, నడుమూ బాగుంది. ఆ పెళ్లివారి బుద్ధికి పరీక్ష ఏదీ లేదు.

డబ్లిన్‌లో జరిగి 2015లో అచ్చయిన అధ్యయనం ఒకటుంది. హఠాత్తుగా ఐరైటిస్‌తో వచ్చినవాళ్లను వరసగా తీసుకుని కీళ్ల డాక్టర్లు పరీక్షిస్తే, దగ్గర దగ్గర పదిమందిలో నలుగురికి అప్పటిదాకా ఎవరూ పట్టుకోని వెన్నుజబ్బు బయటపడింది. దాన్నిబట్టి కంటి డాక్టర్లు వాడుకోవడానికి ఒక చిన్న పద్ధతి తయారు చేశారు. సారాంశంలో అది మా డాక్టరుగారి ప్రశ్నే. నలభై ఐదేళ్ల లోపు మొదలై, మూడు నెలలకు మించి ఉన్న నడుంనొప్పి ఉందా? అయితే కీళ్ల డాక్టరుకు పంపు.

ఇప్పుడు కొంచెం వెనక్కి పోదాం. 1812. పారిస్‌కు దగ్గర్లో కూప్రే అనే ఊరు. జీనులు కుట్టే తండ్రి కొట్లో మూడేళ్ల పిల్లవాడు ఆరెతో ఆడుకుంటూ ఒక కంట్లో పొడుచుకున్నాడు. దెబ్బ తగిలింది ఒక కంటికి, పోయింది రెండు కళ్లూ. ఐదేళ్లకల్లా పూర్తిగా చూపు పోయింది. ఆ పిల్లవాడు లూయీ బ్రెయిల్. తరవాత ఆ కుర్రాడే చుక్కలతో లిపి తయారుచేసి ప్రపంచంలోని గుడ్డివాళ్లందరికీ చదువు చేతికిచ్చాడు. రెండో కంటికి ఏమైంది? సింపథెటిక్ ఆఫ్తాల్మియా అయి ఉంటుందని ఇప్పటి వైద్యుల్లో చాలామంది అభిప్రాయం. దెబ్బతిన్న కంట్లోంచి బయటపడ్డ పదార్థాన్ని ఒంటి రక్షణ దళం శత్రువనుకుని, అలాంటి పదార్థమే ఉన్న రెండో కంటి మీద పడుతుంది. ఒక కన్ను ఏడిస్తే రెండోది ఏడ్చినట్టే ఉంటుంది కాబట్టి దాన్ని సానుభూతి అన్నారు. నిజానికి సానుభూతి ఎక్కడిది, అది దాడి.

సొంత కంటిని ఒళ్లు ఎందుకు గుర్తుపట్టదు? పీటర్ మెడవార్ 1948లో ఒక సంగతి రాశాడు. పరాయి కణజాలాన్ని ఒంట్లో మామూలు చోట అంటిస్తే ఒళ్లు దాన్ని కొన్ని రోజుల్లో తోసేస్తుంది. కంటి ముందుగదిలో పెడితే చాలాకాలం ఊరుకుంటుంది. కంటికి ప్రత్యేక హోదా ఉందన్నమాట. కారణం ఆలోచిస్తే తెలుస్తుంది. వేలు వాచి తగ్గితే మచ్చ మిగులుతుంది, పనికి అడ్డు లేదు. కంట్లో మచ్చ మిగిలితే చూపే పోతుంది. అందుకని కంట్లో గొడవలు జరక్కుండా సృష్టి గోడలు కట్టింది, నెత్తురుకూ కంటికీ మధ్య అడ్డుగోడ, లోపల శాంతి నెలకొల్పే రసాయనాలు. ఆ గోడ చాటున ఉన్న కంటి సరుకును రక్షణ కణాలు ఎప్పుడూ చూడలేదనీ, దెబ్బ తగిలి గోడ విరిగినప్పుడు చూసి ఉలిక్కిపడతాయనీ చాలాకాలం అనుకున్నాం.

అది సగం నిజమే. రొమ్ము ఎముక వెనక థైమస్ అని ఒక గ్రంథి ఉంది. రక్షణ కణాలకు అదే బడి. ఒంట్లో ఉన్న చాలా సరుకుల నమూనాలు అక్కడ చూపించి, 'ఇది మనది, దీని మీదికి పోకు' అని నేర్పుతుంది. నేర్చుకోని కణాల్ని అక్కడే తుడిచేస్తుంది. 2006లో కాలిఫోర్నియా శాస్త్రజ్ఞులు ఎలుకల థైమస్‌లో రెటీనాకు చెందిన ఐఆర్‌బీపీ అనే ఒకే ఒక్క ప్రోటీను నమూనా చూపించకుండా చేశారు. మిగతా పాఠాలన్నీ మామూలే. ఆ ఎలుకలకు యువియైటిస్ వచ్చింది. ఒక్క పాఠం తప్పినందుకు! తరవాత 2015లో రాచెల్ కాస్పి బృందం, ఎలుకల్లోనే, పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు కంటిమీదికి పోయే కణాల్ని ముందే రెచ్చగొడుతున్నాయని చూపింది. సూక్ష్మజీవుల్ని మందులతో తగ్గిస్తే కంటి జబ్బు తగ్గింది. క్రోన్స్ లాంటి పేగు జబ్బులున్నవాళ్లకు కళ్లెందుకు ఎర్రబడతాయో ఇక్కడ ఒక దారి దొరుకుతోంది. కాబట్టి నడుముతో పాటు విరేచనాల గురించీ అడగాలి. కంటి డాక్టరు ఆ మాట అడిగితే రోగి వింతగా చూస్తాడు. చూడనివ్వండి.

అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. నోట్లో పుళ్లు మాటిమాటికీ వస్తున్నాయా, మర్మస్థానాల్లో కూడానా? అడిగితే బెషెట్ జబ్బు దొరకవచ్చు. 1937లో ఇస్తాంబుల్‌లో చర్మవైద్యుడు హులూసీ బెషెట్ ఈ రెండు రకాల పుళ్లనూ కంటి వాపునూ ఒక తాడుకు గుచ్చాడు. తుర్కియే నుంచి జపాన్ దాకా పాత పట్టువర్తకుల దారి పొడుగునా ఎక్కువగా కనిపిస్తుంది. మన దగ్గర తక్కువేగానీ లేకపోలేదు. కంటిరెప్పల వెంట్రుకలు తెల్లబడ్డాయా, ఒంటిమీద బొల్లిమచ్చలొచ్చాయా, చెవుల్లో హోరు ఉందా? ఇవి వోగ్ట్-కొయనాగి-హరాడా జబ్బువి. రంగునిచ్చే కణాలే ఇక్కడ దోషులుగా నిలబడ్డాయి. కంట్లో, చర్మంలో, చెవిలో, మెదడు పొరల్లో, అవి ఎక్కడుంటే అక్కడ దాడి. చామనఛాయ మనుషుల్లో ఎక్కువ, కాబట్టి మన జబ్బే. ఈ మూడు పేర్లలో మొదటివాడు ఆల్‌ఫ్రెడ్ వోగ్ట్, స్విట్జర్లాండు కంటి వైద్యుడు. సాహిత్యాభిమానులకు ఒక కొసరు. 1930లో జ్యూరిచ్‌లో నవలాకారుడు జేమ్స్ జాయిస్ కంటికి ఆపరేషన్ చేసింది ఈయనే. జాయిస్‌కు 1907 నుంచీ ఐరైటిస్, దాంతోపాటే కీళ్లనొప్పులు. కంటికి చేసిన ఆపరేషన్లు పదికి పైనే. ఆయన జబ్బు పేరేమిటన్న వాదన ఇంకా తెగలేదు. ఆయన్ను నడుము గురించి ఎవరైనా అడిగారో లేదో.

కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్, కంటి మీదికి వేరే దారిలో వస్తుంది. ముందు కన్నీరు ఎండిపోతుంది. 1933లో స్వీడన్ కంటి వైద్యుడు హెన్రిక్ షోగ్రెన్ కళ్లూ నోరూ ఎండిపోయిన ఆడవాళ్లను చూసి, వాళ్లలో ఎక్కువమందికి కీళ్లనొప్పులున్నాయని గమనించి సిద్ధాంత వ్యాసం రాశాడు. విశ్వవిద్యాలయం వాళ్లు దానికి తక్కువ మార్కులేశారు. ఈవేళ ఆ జబ్బు ఆయన పేరుతోనే ఉంది. ఇక తెల్లగుడ్డే వాస్తే స్క్లెరైటిస్. నిద్రలోంచి లేపే నొప్పి, తొలిచేసే నొప్పి. అలాంటివాళ్లలో కొందరికి ఊపిరితిత్తుల్లోనో మూత్రపిండాల్లోనో రక్తనాళాలు వాచి ఉంటాయి. అక్కడ కన్నే కాదు, ప్రాణమూ పణంగా ఉంటుంది.

కీళ్లవాతం గురించి మాట్లాడుతూ మదురై గోవిందప్ప వెంకటస్వామి గారిని తలుచుకోకపోతే తప్పు. ముప్పై ఏళ్ల ప్రాయంలోనే ఈ జబ్బు ఆయన వేళ్లను వంకర్లు తిప్పేసింది. ఆ వేళ్లతోనే కత్తి పట్టడం నేర్చుకుని లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు. 1976లో 11 పడకలతో అరవింద్ ఆస్పత్రి పెట్టారు. ఆ ఆస్పత్రి పేరు ఇంకో పావుగంటలో మళ్లీ వస్తుంది.

మందుల దగ్గరికి వద్దాం. ఇక్కడ మన దేశంలో ఒక చిక్కుంది, పాఠ్యపుస్తకాలు రాసే దేశాల్లో అంతగా లేనిది. అదే క్షయ. టీబీ కూడా కంట్లో యువియైటిస్ తెస్తుంది, ఆటోఇమ్యూన్ జబ్బులాగే నటిస్తుంది. ఒకదానికి రక్షణ శక్తిని అణచాలి. రెండోదానికి అణచితే టీబీ విరగబడుతుంది. పొరపడితే కన్ను పోవచ్చు, ఒళ్లు కూడా గుల్లకావచ్చు. మాంటూ పరీక్ష చాలదు. మన దేశంలో ఎంతోమందికి జబ్బు లేకుండానే చెయ్యి ఉబ్బుతుంది. ఛాతీ ఎక్స్‌రే, రక్తపరీక్షలు, కన్ను వెనక కనిపించే మచ్చల తీరు, అన్నీ కలిపి చూడాలి. అప్పటికీ తేలక, మొహమాటం లేకుండా 'నాకు తెలియడం లేదు, ఛాతీ డాక్టరును కలుద్దాం' అనాల్సిన రోజులు నాకు నెలకు రెండైనా వస్తాయి. సిఫిలిస్ పరీక్ష కూడా చెయ్యాలి. పెద్దమనిషి అని మానేయకూడదు.

స్టెరాయిడ్ సంగతి. 1948 సెప్టెంబరులో మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ మంచంపట్టిన కీళ్లవాతం రోగికి కార్టిసోన్ మొదటిసారి ఎక్కించాడు. రోజుల్లోనే ఆమె లేచి నడిచింది. రెండేళ్లకే నోబెల్. కంటి డాక్టర్లు కూడా వెంటనే అందుకున్నారు. మంచి మందు, దొంగ మందు కూడా. నెలల తరబడి చుక్కలు వేసుకుంటే శుక్లాలొస్తాయి, కంటి లోపలి ఒత్తిడి పెరిగి నీటికాసులొస్తాయి. నీటికాసులతో పోయిన చూపు తిరిగి రాదు. పత్తి మిల్లు కుర్రాడి జేబులోని సీసా అందుకే నన్ను భయపెట్టింది. చీటీ లేకుండా అమ్మేవాళ్లదీ, చీటీ రాసి మళ్లీ ఎప్పుడు రావాలో చెప్పని మాదీ, తప్పు ఇద్దరిదీ.

స్టెరాయిడ్ తగ్గించాలంటే ఇంకో మందు కావాలి. అక్కడికే మన భీమవరం వస్తుంది. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లే ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం మీద పనిచేశారు. దాని పనికి అడ్డుపడే పదార్థాలు అక్కడే తయారయ్యాయి. వాటిలో అమైనోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సర్ పిల్లలకు ఇచ్చి, తాత్కాలికంగానైనా జబ్బు వెనక్కి తగ్గిందని 1948లో ప్రకటించాడు. దాని తోబుట్టువే మెథోట్రెక్సేట్. 1951లో గబ్నర్ అనే వైద్యుడు ఈ జాతి మందు కీళ్లవాతానికీ సోరియాసిస్‌కూ పనిచేస్తుందని చూశాడు. అరవయ్యో దశకంలో కంటికీ వాడారు. మెడవార్ కంటి హోదా గురించి రాసింది 1948, హెంచ్ కార్టిసోన్ ఎక్కించింది 1948, ఫార్బర్ ప్రకటన 1948. సుబ్బారావు గారు కన్నుమూసిందీ ఆ ఏడాది ఆగస్టులోనే. తన మందు కీళ్లకూ కళ్లకూ పోతుందని ఆయనకు తెలియదు.

ఇప్పుడు ఇందాక అన్న అరవింద్. యువియైటిస్‌కు మెథోట్రెక్సేట్ మేలా, దానికంటే ఖరీదైన మైకోఫెనొలేట్ మేలా అని చాలాకాలం వాదన నడిచింది. ఖరీదైనదే గట్టిదని మాలో చాలామందిమి లోలోపల నమ్మాం. అరవింద్ డాక్టర్లు, అమెరికా డాక్టర్లు కలిసి ఐదు దేశాల్లో 216 మంది మీద పరీక్షించారు. రోగుల్లో ఎక్కువమంది మన దేశంవాళ్లే. ఫలితాలు 2019లో వచ్చాయి. ఆరు నెలలకు మెథోట్రెక్సేట్‌తో 66.7 శాతం మందికి, మైకోఫెనొలేట్‌తో 57.1 శాతం మందికి జబ్బు అదుపులోకి వచ్చింది. ఆ తేడా లెక్కకు నిలిచేది కాదు. అంటే ఖరీదైనది గొప్పదేమీ కాదని తేలింది. పేదరోగికి చవక మందు రాస్తూ చిన్నబోయే రోజులు పోయాయి.

కానీ ఈ చవక మందు దగ్గరే నా రెండో తప్పు చెప్పాలి. ఒక పెద్దావిడకు మెథోట్రెక్సేట్ రాశాను. వారానికి ఒకసారి అని ఇంగ్లీషులో రాశాను, నోటితోనూ చెప్పాను. ఇంటికి వెళ్లాక ఎవరో చూసి 'మాత్ర అన్నాక రోజూ వేసుకోవాలి' అన్నారట. తొమ్మిదో రోజున నోరంతా పుండ్లు పడి, మంచినీళ్లు కూడా మింగలేని స్థితిలో తీసుకొచ్చారు. తెల్లరక్తకణాలు బాగా పడిపోయాయి. విరుగుడు మందు ఇచ్చి, వార్డులో పెట్టి బతికించుకున్నాం. ఆవిడ కొడుకు నన్నేమీ అనలేదు. అంటే బాగుండేది. ఆ రోజునుంచి మెథోట్రెక్సేట్ చీటీ మీద తెలుగులో, వేలెడు అక్షరాలతో 'ఆదివారం మాత్రమే' అని రాసి, కింద గీత గీసి, వాళ్ల చేత చదివించి పంపిస్తాను. కొత్తగా పెళ్లయిన ఆడవాళ్లకైతే ఇంకో మాట. ఈ మందు మీద ఉండగా గర్భం రాకూడదు. అది అత్తగారి ముందు చెప్పలేక దాచుకుంటారు. మనమే విడిగా కూర్చోబెట్టి అడగాలి.

ఇవి చాలనప్పుడు అడాలిముమాబ్ లాంటి సూదిమందులున్నాయి. 2016లో అమెరికా నియంత్రణ సంస్థ యువియైటిస్‌కు అనుమతించింది. అడాలిముమాబ్‌కు సరిసమానంగా తయారుచేసిన మందును (బయోసిమిలర్) ప్రపంచంలో మొదట మార్కెట్లోకి తెచ్చింది మన అహ్మదాబాద్ కంపెనీ జైడస్, 2014 డిసెంబరులో. ఇచ్చేముందు టీబీ లేదని నిర్ధారించుకోవడం తప్పనిసరి. పత్తి మిల్లు కుర్రాడి రోజుల్లో ఇవేవీ అందుబాటులో లేవు. అతనికి నొప్పి మాత్రలు, రోజూ చేసే వ్యాయామాలు, ఎర్రబడిన రోజునే నా దగ్గరికి రమ్మన్న మాట, ఇవే మందులయ్యాయి. మెడ కొంచెం బిగిసింది. చూపు మాత్రం నిలబడింది.

ఇంతసేపూ ఎర్రకన్ను గురించే చెప్పాను. ఆఖర్న ఎర్రబడని కన్ను గురించి చెప్పి ముగిస్తాను, ఎందుకంటే నాకు అన్నిటికంటే భయం దానితోనే. చిన్నపిల్లలకు కీళ్లవాతం వస్తుంది. పెద్దల జబ్బు పిల్లలకేమిటి అనకండి, వస్తుంది. మూడు నాలుగేళ్ల ఆడపిల్ల, ఒక మోకాలు వాచి ఉంటుంది, పొద్దున కుంటుతుంది, మధ్యాహ్నానికి ఆడుకుంటుంది. పడిందేమో అనుకుంటాం. రక్తంలో ఏఎన్ఏ అనే పరీక్ష పాజిటివ్ అయితే ఇలాంటి పిల్లల కళ్లలో ఐరైటిస్ చడీచప్పుడు లేకుండా నడుస్తూ ఉండవచ్చు. కన్ను మల్లెపువ్వులా తెల్లగా ఉంటుంది. నొప్పి లేదు, నీళ్లు లేవు. ఒక కన్ను మసకబారినా ఆ వయసు పిల్ల చెప్పలేదు, రెండో కంటితో నెట్టుకొస్తుంది. నల్లగుడ్డు మీద తెల్లటి పట్టీ కట్టిందనో, పాపలో తెల్లగా కనిపిస్తోందనో తీసుకొచ్చేసరికి చాలా పోయి ఉంటుంది. ముందే పట్టుకుంటే మెథోట్రెక్సేట్ ఉంది, అది చాలకపోతే అడాలిముమాబ్ తోడు చేస్తే ఫలితం స్పష్టంగా మెరుగని బ్రిటన్‌లో జరిగి 2017లో అచ్చయిన సికమోర్ పరీక్ష చూపింది. పట్టుకోవడానికి కావలసింది స్లిట్ లాంపు ముందు ఐదు నిమిషాలు, మూడు నెలలకోసారి.

ఈ హాల్లో పిల్లల డాక్టర్లున్నారు, ఎముకల డాక్టర్లున్నారు, బడిపంతుళ్లు, అంగన్‌వాడీ టీచర్లు ఉన్నారు, అమ్మమ్మలున్నారు. మీ ఎరుకలో మోకాలు వాచి నెలన్నర దాటినా తగ్గని పిల్ల ఉంటే, కళ్లు ఎంత బాగా కనిపిస్తున్నా సరే, ఈ వారంలోనే కంటి డాక్టరు దగ్గరికి పంపండి. డబ్బుకు ఇబ్బందైతే డాక్టరుగారి పాత క్లినిక్ పక్కగదికి పంపండి. మంగళవారం, శుక్రవారం సాయంత్రం నేను అక్కడే ఉంటాను.